బొమ్మ మగ్గం దాకా, ఫైలు మన బీరువాలోనే

బళ్ళారి, సోలాపూరు, భివండి, బరంపురం, యానాం నుంచి రైళ్ళు బస్సులు మారి వచ్చిన మన మగ్గం కుటుంబాలందరికీ, చంటిపిల్లలను ఎత్తుకుని వచ్చిన అక్కచెల్లెళ్ళకు మా కంచి పక్క సంఘం తరఫున వందనాలు.

సమాఖ్య పెద్దలు మాకు ఇచ్చిన అంశం "చేనేత సంఘాల్లో కంప్యూటరు". అంత పెద్ద మాట మాకు అందేది కాదు. సంఘం సెక్రెటరీకి చదువు ఎనిమిదో తరగతి, అదీ తమిళ బడిలో. అందుకని ఒక్క చిన్న పని గురించి మాత్రం చెప్తాము. ఆఫీసులో ఉన్న కంప్యూటరు తెరను, వైఫై రూటరు మీదుగా, అట్టలు కొట్టే గదిలో ఇంకో తెరమీద చూపించడం. ఇంట్లో మూలన పడి ఉన్న పాత ల్యాప్‌టాపు, అంచు పగిలిన టాబ్లెట్టు, ఇవే ఆ రెండో తెరలు. మా సంఘంలో ఈ పని నడుస్తా ఉంది. ఎలా నడుస్తా ఉందో చెప్పేముందు, ఎందుకు పెట్టుకున్నామో చెప్పాలి.

జకార్డు సంగతి మీకు మేము చెప్పేది ఏముంది. గ్రాఫులో ఒక్క వరస ఒక్క అట్ట, ఒక్క గడి ఒక్క హుక్కు. 240 హుక్కుల పెట్టె అయితే వరసకు 240 గళ్ళు. గడి నిండి ఉంటే అట్టకు బెజ్జం, ఖాళీగా ఉంటే లేదు. ఒక మంచి కొంగుకు ఇలాంటి అట్టలు వందల్లో పడతాయి. ముందు కాలంలో గ్రాఫు కాగితం మీద పెన్సిలుతో గళ్ళు నింపి, ఆ కాగితం పక్కన పెట్టుకుని, కింద స్కేలు జరుపుకుంటూ అట్టలు కొట్టేవారు. కంప్యూటరు వచ్చాక గ్రాఫు దాంట్లో గీస్తున్నాము. కానీ అట్ట కొట్టే మనిషి కంప్యూటరు ముందు కూర్చోడు కదా, ఆయన మిషను వెనక షెడ్డులో ఉంది. ఆయన దగ్గరికి గ్రాఫు పోవాలంటే రెండే దారులు. ఒకటి, ప్రింటు తీసి కాగితాలు అతికించడం. అతుకు దగ్గర ఒక గీత తగ్గితే అంచులో నెమలి మెడ విరుగుతుంది. రెండోది, ఫైలు పెన్‌డ్రైవులోనో వాట్సాప్‌లోనో పంపడం.

రెండో దారే సులువు. అందరూ అదే చేస్తారు. ఆ ఫైలు డిజైను గీసిన పిల్లవాడి ఫోనులో ఒకటి, గుమాస్తా ఫోనులో ఒకటి, ప్రింటు షాపులో ఒకటి, అట్టలు కొట్టే చోట ఒకటి. కొన్నేళ్ళ కిందట మా సంఘం డబ్బు పెట్టి గీయించిన ఒక అంచు, మా మగ్గం మీద మొదటి చీర కోసి దించకముందే, వేరే ఊరి పవర్‌లూము పాలిస్టరు చీరమీద బజారుకు వచ్చింది. అదే నెమలి, అదే మెడ వంపు. ఎక్కడ జారిందో వెతికాము, తేలలేదు. ఎవరినీ పేరు పెట్టి అనము. అన్ని చేతులు మారిన ఫైలు గురించి ఎవరిని అడగాలి?

నష్టం ఎవరిది? మన పట్టుచీర దిగాలంటే ఒక మనిషి పది పదిహేను రోజులు గుంటలో కాళ్ళు పెట్టుకుని కూర్చోవాలి. కోర్వై అంచు అయితే పక్కన నాడె అందుకునే ఇంకో మనిషి ఉండాలి. చాలా ఇళ్ళలో ఆ ఇంకో మనిషి ఇల్లాలే. కొనేవాళ్ళకు అదే బొమ్మ కొన్ని వందలకు కళ్ళముందు కనిపిస్తే, మా చీర చూసి "ఇది అదే కదా" అంటారు. ఆ నాలుగు చీరలు రెండు పండుగలు దాటినా బీరువాలోనే ఉండిపోయాయి.

చట్టం లేదా అంటే ఉంది. డిజైన్ల చట్టం, 2000 సంవత్సరానిది. కలకత్తాలో ఉన్న పేటెంటు ఆఫీసు డిజైన్ల విభాగంలో రిజిస్టరు చేస్తే పదేళ్ళు హక్కు, ఆ తర్వాత ఇంకో 5 ఏళ్ళు పొడిగించుకోవచ్చు. అయితే దానికి ఒక షరతు ఉంది. ఆ డిజైను కొత్తది అయి ఉండాలి, అర్జీ పెట్టకముందు బయట ప్రపంచానికి తెలిసి ఉండకూడదు. అంటే చట్టం మనల్ని కాపాడాలంటే, అర్జీ పెట్టేదాకా మన బొమ్మను మనమే కాపాడుకోవాలి. అక్కడినుంచే మాకు ఈ ఆలోచన వచ్చింది. బొమ్మ అట్టలు కొట్టే మనిషికి కనిపించాలి, ఫైలు మాత్రం ఆఫీసు కంప్యూటరు దాటకూడదు.

రెండో తెర చేసేది సరిగ్గా అదే. లోపల జరిగే పని మాకు అర్థమైనంత చెప్తాము. సాఫ్ట్‌వేరు ఎక్కించాక ఆఫీసు కంప్యూటరు తనకు ఇంకో తెర తగిలించారని అనుకుంటుంది. నిజంగా ఏ తెరా లేదు, అది ఉత్తుత్తి తెర. దానిమీద బొమ్మ వేస్తుంది. ఆ బొమ్మను సెకనుకు ఎన్నోసార్లు ఫొటో తీసి, నొక్కి చిన్న మూటలుగా కట్టి, రూటరుకు అప్పజెప్తుంది. అవతల షెడ్డులో ఉన్న ల్యాప్‌టాపు మూట విప్పి చూపిస్తుంది. చూపించిన మరుక్షణం ఆ మూట పారేస్తుంది. సాయంత్రం ఆపేస్తే ఆ ల్యాప్‌టాపులో ఏ ఫైలూ మిగలదు. టీవీలో సినిమా చూసినంత మాత్రాన రీలు మన ఇంటికి రాదు కదా, అలాగ.

మేము వాడేది స్పేస్‌డెస్క్ అనే సాఫ్ట్‌వేరు. దాంట్లో రెండు ముక్కలు. డ్రైవరు అనేది విండోస్ ఉన్న ఆఫీసు కంప్యూటరులో ఎక్కించాలి. వ్యూయరు అనేది రెండో తెర అయ్యే టాబ్లెట్టులోనో, ఫోనులోనో, పాత ల్యాప్‌టాపులోనో ఎక్కించాలి. వ్యూయరు ఎక్కని పాత సామాను ఉంటే, దాని బ్రౌజరులో కూడా తెరవచ్చు. ఇంట్లో సొంతానికి వాడుకుంటే ఉచితం. సంఘం, దుకాణం లాంటి చోట్లకు లైసెన్సు షరతులు వేరుగా ఉంటాయి, అవి చదివించుకుని, కట్టాల్సింది కట్టి వాడండి. మన డిజైను ఎవరూ ఊరికే ఎత్తుకుపోకూడదు అని ఏడ్చే మనం, ఇంకొకడు కూర్చుని రాసిన సాఫ్ట్‌వేరును ఊరికే ఎత్తుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకుంటాము?

రెండూ ఒకే రూటరు కింద ఉండాలి. అది మొదటి మాట, సగం తంటాలు అక్కడే. కొన్ని రూటర్లలో "గెస్ట్" అని వేరే వైఫై ఉంటుంది. దానిమీద ఎక్కిన సామాన్లు సాధారణంగా ఒకదాన్ని ఒకటి చూడలేవు, అలా అడ్డుగోడ కట్టి ఉంటారు. టాబ్లెట్టు గెస్ట్‌లోనూ కంప్యూటరు అసలు వైఫైలోనూ ఉంటే ఎంతసేపు వెతికినా దొరకదు. ఇంకొకటి, విండోస్‌లో ఆ నెట్‌వర్కును "ప్రైవేట్" అని పెట్టాలి. "పబ్లిక్" అని ఉంటే కంప్యూటరు తలుపు వేసుకుని కూర్చుంటుంది. అప్పటికీ కనిపించకపోతే కంప్యూటరు నంబరు, 192.168 అని మొదలయ్యేది సాధారణంగా, వ్యూయరులో చేత్తో కొట్టాలి. రూటరు తిరిగి వెలిగినప్పుడు ఆ నంబరు మారిపోవచ్చు. మారకుండా ఆఫీసు కంప్యూటరుకు ఒకే నంబరు కట్టేయమని రూటరు పెట్టే అబ్బాయికి చెప్పండి, ఆ వెసులుబాటు రూటరులోనే ఉంటుంది.

కలిసిన తర్వాత విండోస్ బొమ్మ ఉన్న మీట, పి మీట కలిపి నొక్కితే నాలుగు మాటలు వస్తాయి. మనకు కావలసింది "ఎక్స్‌టెండ్". అది పెడితే గ్రాఫు మాత్రం షెడ్డు తెరకు జరుపుకోవచ్చు, ఆఫీసు తెరమీద గుమాస్తా తన పని చేసుకోవచ్చు. "డూప్లికేట్" పెడితే ఇక్కడ ఉన్నదంతా అక్కడ కనిపిస్తుంది, ఎవరు ఎంత అడ్వాన్సు తీసుకున్నారో ఆ లెక్క కూడా. అది ఊరంతా చూడాల్సిన పని లేదు.

సాఫ్ట్‌వేరు ఏదీ కొనకుండా కూడా ఒక దారి ఉంది. విండోస్ 10, 11 లో మిరాకాస్ట్ అని ముందే ఉంటుంది. విండోస్ మీట, కె మీట కలిపి నొక్కితే దగ్గర్లో ఉన్న స్మార్ట్ టీవీలు కనిపిస్తాయి. దానికి రూటరు కూడా అక్కరలేదు, నేరుగా గాలిలో మాట్లాడుకుంటాయి. కానీ కంప్యూటరులో వైఫై ఉండాలి. బల్లమీద పెట్టే పాత కంప్యూటర్లలో అది ఉండదు చాలావాటికి, మా దానిలోనూ లేదు. చీరలు చూపించే గదిలో టీవీ ఉన్న సంఘాలకు మిరాకాస్ట్ బాగుంటుంది, కొనేవాళ్ళు కూర్చుని కొంగు రకాలు టీవీలో చూస్తారు. ఆపిల్ సామాను ఉన్నవాళ్ళకు 2019 నుంచి సైడ్‌కార్ అని ఉంది, ఐప్యాడ్ రెండో తెర అవుతుంది. మన ఇళ్ళలో అవి తక్కువ కాబట్టి దాని గురించి ఇంతే.

మన ఇళ్ళలో ఎక్కువ ఉన్నది వేరే. తమిళనాడులో 2011 నుంచి ప్రభుత్వం చదువుకునే పిల్లలకు ఉచితంగా ల్యాప్‌టాపులు ఇచ్చింది. మన పిల్లలూ తీసుకున్నారు. చదువు అయిపోయింది, ఉద్యోగాలకు పోయారు, ల్యాప్‌టాపు అటకమీద ఉంది. బ్యాటరీ చచ్చి ఉంటుంది, తెర మాత్రం బాగుంటుంది. మా షెడ్డులో ఉన్నది అలాంటిదే. వాటిలో కొన్నింటిలో విండోస్ 7 ఉంటుంది. దానికి మైక్రోసాఫ్ట్ వారు 2020 జనవరితో మరమ్మతులు ఆపేశారు. కాబట్టి దానితో బ్యాంకు పనులు, ఇంటర్‌నెట్టు పెట్టుకోవద్దు. సంఘం లోపలి తెరగా మాత్రం అది ఇంకా కొన్నాళ్ళు కూడు తింటుంది.

ఇప్పుడు లెక్క చెప్తాము, ఇది కొంచెం గమనించండి. పెద్ద తెరకు అడ్డంగా 1920 చుక్కలు ఉంటాయి. 240 గళ్ళ వరసను దాంట్లో పరిస్తే గడికి సరిగ్గా 8 చుక్కలు. పదంగుళాల టాబ్లెట్టులో అడ్డంగా 1280 చుక్కలే ఉంటే గడికి 5 చుక్కలు, కొసరు. కంటికి కావలసింది మిల్లీమీటరు. ఆ టాబ్లెట్టు వెడల్పు 22 సెంటీమీటర్ల లోపే, 240 గళ్ళు పెడితే గడి ఒక మిల్లీమీటరు కూడా రాదు. యాభై దాటిన మనిషికి అది పొగమంచు. అందుకని మేము వరసను నాలుగు ముక్కలు చేసి 60 గళ్ళు ఒక్కసారికి చూపిస్తాము. అప్పుడు టాబ్లెట్టులో గడి మూడున్నర మిల్లీమీటర్లు, 14 అంగుళాల ల్యాప్‌టాపులో 5 మిల్లీమీటర్లు వస్తుంది. పదో గడికి ఒక లావు గీత, చదివే వరస మాత్రం తెల్లగా, మిగతావి బూడిదగా పెట్టించాము.

మా అట్టలు కొట్టే పెద్దాయన ముందు దీన్ని ఒప్పుకోలేదు. కాగితం అయితే చేత్తో తడిమి చూస్తానన్నారు. గ్రాఫు పెద్దదిగా కనిపించాక కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు. టాబ్లెట్టును వేలితో తాకి వరస ఆయనే దించుకుంటారు, ఆ తాకిడి కూడా నెట్‌వర్కు మీదుగా ఆఫీసు కంప్యూటరుకు పోతుంది. వేలు పెట్టిన తర్వాత వరస కదలడానికి కనురెప్ప వేసినంత ఆలస్యం ఉంటుంది. సినిమాకు అది ఇబ్బంది, నిలబడి ఉన్న గ్రాఫుకు ఏమీ కాదు.

వైఫై దూరం మాత్రం మోసం చేస్తుంది. పెట్టెమీద రాసిన దూరం మైదానంలో. మన పాత ఇళ్ళ మందం గోడలు రెండు దాటితే సగం చచ్చిపోతుంది. 5 గిగాహెర్ట్జ్ వేగం ఎక్కువ, గోడ దాటే బలం తక్కువ. 2.4 దూరం పోతుంది కానీ వీధిలో అందరి వైఫైలూ దానిమీదే ఉంటాయి, బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. మేము ఆఫీసు నుంచి షెడ్డుకు ఒక నెట్‌వర్కు తీగ లాగి, చివర ఇంకో చిన్న వైఫై పెట్టె పెట్టాము. ఆ తీగ 100 మీటర్ల దాకా నమ్మకంగా పనిచేస్తుంది. తెరకు వేసే హెచ్‌డీఎంఐ తీగ అంత దూరం రాదు. కరెంటు పోయినా రూటరు ఆగకుండా చిన్న బ్యాటరీ పెట్టుకోవాలి, మన ఊళ్ళ సంగతి తెలిసిందే.

టాబ్లెట్టును మగ్గం చట్రానికి కట్టకండి. పలక కొట్టినప్పుడల్లా అది అదురుతుంది, నాలుగు నెలలకు ఛార్జింగు బెజ్జం వదులవుతుంది. గోడకో వేరే గుంజకో కట్టండి. గుంట దగ్గర నేలమీద అసలు పెట్టకండి, తడి ఉంటుంది. పొద్దస్తమానం ఛార్జింగులో ఉండే పాత టాబ్లెట్టు వీపు ఉబ్బుతూ ఉందేమో వారానికి ఒకసారి చేయి పెట్టి చూడండి. ఉబ్బితే ఆ రోజే తీసేయాలి, నిప్పు అంటుకునే సామాను అది, పక్కన పట్టు ఉంది. ఇంకా ముఖ్యం, తెర రంగును నమ్మి నూలుకు రంగు వేయకండి. ఒక్కో తెర ఒక్కో రంగు చూపిస్తుంది. రాత్రిపూట కళ్ళకు హాయి అని తెరను పసుపు చేసే ఏర్పాటు ఉంటుంది, అది వేసి ఉంటే రామచిలుక ఆకుపచ్చ మామిడాకు అవుతుంది. రంగుకు పాత పద్ధతే, పట్టు పోగు చేతిలో పెట్టుకుని పగటి వెలుగులో చూడటం.

దీనితో దొంగతనం మొత్తం ఆగిపోతుందా అని యానాం నుంచి వచ్చిన ఒక అన్న పొద్దున్నే అడిగారు. ఆగదు అన్నా. తెరకు ఎదురుగా ఫోను పెట్టి ఎవరైనా ఫొటో తీయొచ్చు. కానీ ఫొటోలో పడేది అరవై గళ్ళ ముక్క. మొత్తం అంచు కావాలంటే ముక్కలన్నీ తీసి, మళ్ళీ గడి గడీ గీసుకోవాలి. ఫైలు అయితే ఒక్క మీటతో పవర్‌లూముకు ఎక్కేది. ఆ ఆలస్యంలో మన అర్జీ కలకత్తా చేరుతుంది, మన మొదటి చీర బజారు చేరుతుంది. మాకు కావలసింది ఆ వ్యవధి. అట్టలు కొట్టే ఆయనకూ ఇది మంచిదే. ఫైలు తన దగ్గర లేదు కాబట్టి రేపు ఏమైనా జరిగితే ఆయన మీద ఎవరూ వేలు చూపలేరు. ఈ మాట ఆయనే మాతో అన్నారు.

ఆఫీసు వైఫైకి మంచి పాస్‌వర్డు ఉండాలని వేరే చెప్పాలా? సంఘం పేరు, పక్కన ఒకటి రెండు మూడు, అలాంటిది పెట్టకండి. వచ్చిపోయే వాళ్ళకు కావాలంటే ఇందాక చెప్పిన గెస్ట్ వైఫై ఇవ్వండి, ఆ అడ్డుగోడ అక్కడ మనకు పనికొస్తుంది.

ఎలక్ట్రానిక్ జకార్డు పెట్టేస్తే అట్టలే ఉండవు కదా, ఈ తంటా ఎందుకు అని కుర్రవాళ్ళు అంటారు. పెట్టగలిగిన సంఘం పెట్టుకోనీ, మేము వద్దనము. కానీ దానికి డబ్బు కావాలి, దాని పెట్టెలోకి కూడా ఫైలు పెన్‌డ్రైవులోనే పోతుంది సాధారణంగా, అంటే మళ్ళీ అదే చేతులు మారే కథ. అట్టల పెట్టెలు మన ఇళ్ళలో ఇంకా ఉన్నాయి, వాటిమీద బతుకులు ఉన్నాయి.

కంప్యూటరు అంటే భయపడే పెద్దవాళ్ళకు ఒక సంగతి. అట్టల జకార్డును ఫ్రాన్సు దేశం లియోన్ ఊరి జకార్డు అనే ఆయన 1804లో తయారు చేశారు. ఇంగ్లండులో బాబేజ్ అనే ఆయన లెక్కల యంత్రం తలపెట్టినప్పుడు, దానికి హుకుం చెప్పడానికి ఆ బెజ్జాల అట్టలనే తీసుకున్నారు. ఆయన ఇంట్లో జకార్డు బొమ్మ ఒకటి ఉండేది, పటం కాదు, పట్టుతో నేసినది, దానికి 24,000 అట్టలు పట్టాయి. మనకు ఒక కొంగుకే నడుము విరుగుతుంది, ఆలోచించండి. కంప్యూటరు పుట్టింట్లో మగ్గం ఉంది. దాన్ని చూసి కొత్త కోడలిలా బెదరాల్సిన పని లేదు.

మీటల పేర్లన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, మన పిల్లలకు తెలుగు చదవడం రాదు, పెద్దలకు ఇంగ్లీషు రాదు. మా ఆఫీసులో ఒక కాగితం మీద మీట బొమ్మ వేసి, పక్కన పని తెలుగులోనూ తమిళంలోనూ రాసి గోడకు అంటించాము. బరంపురం వాళ్ళు ఒడియాలో, సోలాపూరు వాళ్ళు మరాఠీలో రాసుకోండి. ఈ సంచిక ఫోనులో వస్తుంది కాబట్టి తాతలు చదివి మనవళ్ళకు చెప్పండి, మనవళ్ళు నొక్కి తాతలకు చూపిస్తారు.

భోజనాల తర్వాత వెనక గదిలో మా రూటరు, ఆ పాత ల్యాప్‌టాపు, ఒక టాబ్లెట్టు పెట్టి ఉంచుతాము. నలుగురు నలుగురుగా రండి, మీ చేతులతోనే కలిపి చూడండి. పాత టాబ్లెట్లు తెచ్చినవాళ్ళు ఛార్జరు కూడా పట్టుకుని రండి, మా దగ్గర ఉన్న సన్న పిన్ను ఛార్జరు ఒక్కటే.